తొలి పోటీ, తొమ్మిది లిఫ్టులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొదటిసారి పవర్‌లిఫ్టింగ్ పోటీకి పేరిచ్చినవాళ్లవే. ఇందులో లిఫ్టులు మూడు: బార్ భుజాన వేసుకుని కూర్చుని లేచే స్క్వాట్, పడుకుని ఛాతీ మీంచి ఎగదోసే బెంచ్ ప్రెస్, నేల మీంచి బార్ లాగి నిలబడే డెడ్‌లిఫ్ట్. ఒక్కోటీ మూడుసార్లు. జవాబులన్నీ అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య (ఐపీఎఫ్) నిబంధనల ప్రకారం, బిగుతు సూట్లు, మోకాళ్లకు చుట్టే పట్టీలు (నీ ర్యాప్స్) లేని క్లాసిక్ విభాగానికి సంబంధించినవి. మీ పోటీ వేరే సమాఖ్యదైతే ముందు వాళ్ల రూల్ బుక్ తెచ్చుకుని చదవండి. ఆజ్ఞలు, బెల్టు కొలతలు, బరువు తూచే సమయం ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి.

ప్రశ్న: జిమ్‌లో నా స్క్వాట్ 140, బెంచ్ 95, డెడ్‌లిఫ్ట్ 170 కిలోలు. పోటీకి ఇంకా 10 వారాలుంది. స్క్వాట్ 140తో మొదలుపెట్టి 145, 150 వరకూ వెళ్దామనుకుంటున్నాను. ఫ్రెండ్సంతా చూడ్డానికి వస్తున్నారు. సరైన ఆలోచనేనా?

ఫ్రెండ్స్ వస్తున్నారు కాబట్టే 140 వద్దు.

ఒక్కో లిఫ్టుకు మూడు అటెంప్టులు. మూడింట్లో మంచిదొక్కటే లెక్కలోకి వస్తుంది. కాబట్టి మొదటిది 15 కిలోలు తక్కువ పెట్టినా మీ టోటల్‌లో, అంటే మూడు లిఫ్టుల్లో చెల్లిన మంచి బరువుల మొత్తంలో, ఒక్క గ్రాము కూడా తగ్గదు. ఎక్కువ పెడితే మాత్రం మొదటికే మోసం వస్తుంది. ఒకసారి బార్ మీదికి ఎక్కిన బరువును తగ్గించుకోవడం కుదరదు. ఫెయిలైతే అదే బరువు మళ్లీ ప్రయత్నించాలి, లేదా పెంచాలి. స్క్వాట్‌లో మూడూ పోతే టోటల్ పోయినట్టే. ఆ తర్వాత డెడ్‌లిఫ్ట్‌లో 200 ఎత్తినా ఆ టోటల్ తిరిగిరాదు. దీన్నే లిఫ్టర్లు ‘బాంబ్ అవుట్’ అంటారు. కొత్తవాళ్లు బాంబ్ అవుట్ అయ్యేది బలం చాలక కాదు, ఓపెనర్, అంటే మొదటి అటెంప్టు, ఎక్కువ పెట్టుకోబట్టే.

ఇంకో మాట. మీ 140 నిజంగా 140యేనా? ఫోన్‌ను సరిగ్గా మోకాలి ఎత్తులో, పక్కనుంచి పెట్టి వీడియో తీయించండి. పైనుంచో కిందనుంచో తీసిన వీడియో లోతు విషయంలో మోసం చేస్తుంది. తుంటి కీలు దగ్గర తొడ పైభాగం, అంటే లాగు మడత పడే చోటు, మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలి. సమానంగా ఉంటే చెల్లదు. బెంచ్ 95 అన్నది ఛాతీకి తాకించి వెంటనే ఎగదోసిందైతే, ఆపి ఎత్తే లెక్కలో దాన్ని 90 అనుకోండి.

ఇవి సరిచూసుకున్నాక ఓపెనర్ అంటే, నిద్ర చాలని రోజున కూడా మూడు రెప్స్ (వరుసగా మూడుసార్లు) శుభ్రంగా తీయగలిగే బరువు. అది మీ గరిష్ఠంలో దాదాపు 90 శాతం దగ్గర తేలుతుంది. మీ విషయంలో స్క్వాట్ 125, బెంచ్ 80, డెడ్‌లిఫ్ట్ 152.5. రెండో అటెంప్టులు 132.5, 85, 162.5. మూడోది ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు, రెండోది కదిలిన వేగం చూసి చెప్పాల్సింది. స్క్వాట్ 132.5 చకచకా లేస్తే 142.5 అడగండి, ఎక్కడైనా నత్తనడక నడిస్తే 137.5తో సరిపెట్టుకోండి. డెడ్‌లిఫ్ట్ వచ్చేసరికి గంటలు గడిచిపోయి, ఆరు అటెంప్టులు ఒంట్లోంచి పోయి ఉంటాయి. జిమ్‌లో తాజాగా ఎత్తిన 170 అప్పటికి అదే 170లా ఉండదు.

ఓపెనర్లు మూడూ కలిపితే 357.5. అది చేతిలో పడ్డాక ఎంత సాహసమైనా చేయొచ్చు.

లిఫ్ట్ అయిన నిమిషంలోగా తర్వాతి బరువు చెప్పాలి. చెప్పకపోతే, లిఫ్ట్ చెల్లినప్పుడు 2.5 కిలోలు నిర్వాహకులే కలుపుతారు, పోయినప్పుడు అదే బరువు ఉంచుతారు. ఆయాసంలో లెక్కలు తోచవు. ‘తేలిగ్గా లేస్తే ఇంత, కష్టపడితే ఇంత’ అని ఒక చీటీ మీద ముందే రాసుకుని జేబులో పెట్టుకోండి. అంకెలన్నీ 2.5 కిలోల మెట్లలోనే ఉండాలి.

ప్రశ్న: క్లబ్బువాళ్లు పెట్టిన మాక్ పోటీలో బెంచ్ 70 కిలోలు సునాయాసంగా ఎత్తాను. మూడుసార్లూ ఎర్ర లైట్లే. బలం సరిపోయినప్పుడు తప్పెక్కడ?

మీరు ఏ కార్డు చూశారో రాసి ఉంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. ముగ్గురు రిఫరీల్లో కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే లిఫ్ట్ చెల్లుతుంది. ఎర్ర లైటుతో పాటు కారణం చెప్పే రంగు కార్డు కూడా చూపిస్తారు. బెంచ్‌లో ఎరుపు కార్డు వస్తే బార్ ఛాతీ దాకా దిగలేదనో, మోచేతులు చాలినంత కిందికి రాలేదనో అర్థం. నీలం వస్తే నెడుతుండగా బార్ మొత్తం కిందికి జారిందనో, చివర చేతులు పూర్తిగా చాచలేదనో. ఆజ్ఞ వినకపోయినా, పడుకున్న భంగిమ చెదిరినా పసుపు. మూడుసార్లూ సునాయాసంగా లేచి మూడూ పోయాయంటే పసుపే అయి ఉంటుందని మా అనుమానం.

బెంచ్‌లో ఆజ్ఞలు మూడు. బార్ అందుకుని చేతులు చాచి నిలిపాక ‘స్టార్ట్’. ఛాతీ మీద బార్ కదలకుండా ఆగాక ‘ప్రెస్’. పైకి లేపి మోచేతులు బిగించి నిలబెట్టాక ‘ర్యాక్’, అంటే బార్‌ను తిరిగి స్టాండు మీద పెట్టమని. ఈ ‘ప్రెస్’ దగ్గరే కొత్తవాళ్లు బోల్తాపడతారు. బార్ ఛాతీకి తగిలిన క్షణం నుంచి లెక్క మొదలవుతుందనుకుంటారు గానీ, రిఫరీ చూసేది బార్ కదలిక ఆగిందా లేదా అనే. మీరు బార్‌ను ఛాతీలోకి కుంగనిస్తూ పోతే అది ఆగినట్టు కాదు, ఆజ్ఞ రాదు. మెల్లగా దించి, తాకిన చోట గట్టిగా నిలిపి ఉంచితే ఆజ్ఞ త్వరగా వస్తుంది. ఎగరేసినట్టు దించేవాళ్లకు ఆ క్షణం యుగంలా సాగుతుంది.

తల, భుజాలు, పిరుదులు బెంచ్‌ను వదలకూడదు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. చూపుడువేళ్ల మధ్య పట్టు 81 సెంటీమీటర్లు దాటకూడదు, బార్ మీద దానికి గుర్తులుంటాయి. నడుం బాగా వంచి బెంచ్ చేసేవాళ్లకు 2023 నుంచి ఇంకో షరతు కూడా ఉంది: బార్ ఛాతీ మీద ఉన్నప్పుడు మోచేతుల అడుగుభాగం భుజం కీలు పైభాగానికి సమానంగానైనా దిగాలి. విల్లులా వంగి రెండు అంగుళాలు కదిపి లేపేవాళ్లను ఆపడానికి వచ్చిన నిబంధన ఇది. మామూలుగా పడుకుని చేసేవాళ్లకు దీంతో ఇబ్బంది లేదు.

మిగతా రెంటి ఆజ్ఞలు సులువు. స్క్వాట్‌లో బార్ భుజాన వేసుకుని వెనక్కి వచ్చి, మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితేనే ‘స్క్వాట్’ అంటారు. లేచాక మళ్లీ అలాగే నిలబడితే ‘ర్యాక్’. లేవగానే ర్యాక్ వైపు అడుగేశారో, ఆ లిఫ్ట్ పోయినట్టే. డెడ్‌లిఫ్ట్‌లో మొదలుపెట్టడానికి ఆజ్ఞ లేదు, చివర్లో ‘డౌన్’ ఒక్కటే. అప్పుడు కూడా బార్‌ను వదిలేయకూడదు, రెండు చేతులతో పట్టుకునే దించాలి. బార్‌ను తొడల మీద ఆనించి ఎగదోస్తూ పోయినా, మధ్యలో ఇంచీ కిందికి జారినా నీలం కార్డే.

చివరి ఆరు వారాలు, ప్రతి బరువైన సెట్‌కూ ఎవరితోనైనా ఆజ్ఞలు చెప్పించుకోండి. కావాలనే ఒక్కోసారి ఆలస్యంగా చెప్పమనండి. మనసులో లెక్కపెట్టుకుని లేచే అలవాటు పోవాలంటే అదే మందు.

ప్రశ్న: నా బరువు 77 కిలోలు. 74 కిలోల విభాగంలో పోటీచేస్తే గెలిచే అవకాశం ఎక్కువని కోచ్ అంటున్నారు. చివరి వారంలో తగ్గించుకోవచ్చా?

వద్దండీ. 74 తర్వాత వచ్చే 83 కిలోల విభాగంలోనే దిగండి.

పోటీ మొదలవడానికి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. అంటే నీళ్లు మానేసి, చెమట కార్చి తగ్గించుకున్న బరువును తిరిగి ఒంట్లోకి ఎక్కించుకోవడానికి మీకు మిగిలేది గంట, గంటన్నర. స్క్వాట్ నాటికి కాళ్లలో సత్తువ ఉండదు, కండరాలు పట్టేస్తాయి. తొలి పోటీలో మీరు తలపడుతున్నది ఆజ్ఞలతో, టైమింగ్‌తో, కంగారుతో. ఆ జాబితాలో ఆకలిని కూడా ఎందుకు చేర్చుకోవడం? మీ బరువు 74.4 అయి ఉంటే, ముందురోజు పీచు తక్కువగా ఉండే తిండి తిని ఉదయం ఖాళీ కడుపుతో తూగమనేవాళ్లం. మూడు కిలోల సంగతి వేరు.

ఇద్దరి టోటల్ సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవాళ్లదే పైస్థానం. కాబట్టి 83 విభాగంలో 77తో తూగడం కూడా అంత నష్టమేం కాదు.

ప్రశ్న: సింగ్లెట్ కొన్నాను. ఇంకేం కావాలి? అమ్మాయిని, మొదటిసారి వెళ్తున్నాను.

సింగ్లెట్ (ఒంటికి అతుక్కునే ఒకే ముక్క పోటీ దుస్తులు) కింద మామూలు కాటన్ టీషర్టు. బిగుతుగా శరీరాన్ని అదిమిపట్టేది పనికిరాదు. లోపల వేసుకునేది మామూలు బ్రీఫ్ ఉండాలి. తొడల మీదికి దిగే బిగుతు షార్ట్స్ పరికరాల తనిఖీలో పోతాయి. తనిఖీ బల్ల దగ్గర ఎక్కువమంది వెనక్కి తిరిగేది దీనికే, సిగ్గుపడి ఎవరూ ముందు అడగరు కాబట్టి.

డెడ్‌లిఫ్ట్‌కు పొడవు సాక్సులు కావాలి. మోకాలి కింది ఎముక గీసుకుపోయి బార్‌కు రక్తం అంటకుండా ఉండటానికి అవి. అయితే మోకాలిని కప్పకూడదు, మోకాలి తొడుగులను (నీ స్లీవ్స్) తాకకూడదు. బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించరాదు. నీ స్లీవ్స్ 7 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు వరకు. మణికట్టుకు చుట్టే రిస్ట్ ర్యాప్స్ మీటరు పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు వరకు. ఇవన్నీ ఆ సమాఖ్య ఆమోదించిన కంపెనీలవే అయి ఉండాలనే షరతు చాలా పోటీల్లో ఉంటుంది. కొనేముందే జాబితా చూసుకోండి. డెడ్‌లిఫ్ట్‌కు చేతిని బార్‌కు కట్టే పట్టీలు (స్ట్రాప్స్) ఒప్పుకోరు. ఇన్నాళ్లూ స్ట్రాప్స్‌తో లాగుతుంటే ఈరోజే పక్కన పెట్టండి, పట్టు గట్టిపడటానికి వారాలు పడుతుంది.

బూట్ల మాటకొస్తే, స్క్వాట్‌కు మడమ ఎత్తున్నవి, డెడ్‌లిఫ్ట్‌కు పలుచటి అడుగున్నవి. వట్టికాళ్లతో ఒప్పుకోరు. డెడ్‌లిఫ్ట్‌కు ముందు తొడలకు పౌడరు రాసుకోవచ్చు, బార్ జారుతూ లేస్తుంది. ఆ చేతుల్తోనే బార్ పట్టుకుంటే మాత్రం పట్టు కూడా జారుతుంది. పౌడరు వేరేవాళ్లతో వేయించుకుని, మీ చేతులకు చాక్ పూసుకోండి. నూనె, క్రీము వంటివి నిషిద్ధం.

ప్రశ్న: జిమ్‌లో తేలిగ్గా ఎత్తే బరువు పోటీ బార్ మీద ఎందుకంత బరువుగా ఉంటుంది? భ్రమేనా?

కొంత భ్రమ, కొంత లెక్క. పోటీలో కాలర్లు, అంటే ప్లేట్లు జారకుండా బిగించేవి, ఒక్కోటి 2.5 కిలోలు. కాబట్టి ఖాళీ బార్ 20 కాదు, కాలర్లతో కలిపి 25. పోటీలో 120 అంటే ఒక్కో వైపు 25, 20, 2.5 ప్లేట్లు, ఆపైన కాలర్. జిమ్‌లో స్ప్రింగ్ క్లిప్పులు పెట్టి అవే ప్లేట్లు ఎక్కిస్తే మీరు ఎత్తేది 115. చాలామంది ‘నా 120’ ఈ తప్పుడు 120యే.

పోటీ ప్లేట్లు ముద్రించిన బరువుకు చాలా దగ్గరగా తూగాలి. జిమ్ ప్లేట్లలో తేడా ఎంతైనా ఉండొచ్చు. వీలుంటే మీ జిమ్‌లో ఏ రెండు ప్లేట్లు నిజాయితీవో త్రాసులో వేసి తేల్చుకుని, పెద్ద సెట్లు వాటితోనే చేయండి.

ప్రశ్న: చివరి రెండు వారాలు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలా?

పూర్తిగా కాదు. చివరి బరువైన డెడ్‌లిఫ్ట్ పోటీకి 10 నుంచి 14 రోజుల ముందు, స్క్వాట్ 7 నుంచి 10 రోజుల ముందు, బెంచ్ 5 నుంచి 7 రోజుల ముందు. డెడ్‌లిఫ్ట్ అలసట తీరడానికే ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి దాన్ని ముందు ముగించాలి. ఆ రోజు ఎత్తేది మీ ఓపెనరే, పూర్తి ఆజ్ఞలతో. ఆ తర్వాత సెట్ల సంఖ్యను సగానికి తగ్గించండి గానీ బరువును మరీ దించకండి. ఖాళీ బార్‌తో వారమంతా గడిపితే పోటీనాడు బరువు కొత్తగా అనిపిస్తుంది. చివరి రెండు రోజులు నడక చాలు.

ఈ వారాల్లో ‘ఒక్కసారి మాక్స్ (గరిష్ఠ బరువు) చూసుకుందాం’ అని చేయి దురద పెడుతుంది. పోటీలో ఎత్తాల్సింది జిమ్‌లోనే ఖర్చుపెట్టేసేవాళ్లు ప్రతి పోటీలో కనిపిస్తారు.

ప్రశ్న: వార్మప్ ఎప్పుడు మొదలుపెట్టాలి? గదిలో ఉన్నది ఒకటే ర్యాక్ అట.

గోడ మీది గడియారాన్ని నమ్మకండి, లిఫ్టుల సంఖ్యను నమ్మండి. పోటీదారులను ఫ్లైట్లుగా విడగొడతారు, ఒక్కో ఫ్లైట్‌లో గరిష్ఠంగా 14 మంది. ఓపెనర్ తక్కువున్నవాళ్లు ముందు. ఒక్కొక్కరికీ కాస్త అటూ ఇటూగా నిమిషం పడుతుంది. 12 మంది ఫ్లైట్ ఒక రౌండ్ తిరగడానికి 12 నుంచి 15 నిమిషాలు.

మీరు రెండో ఫ్లైట్‌లో ఉంటే మొదటి ఫ్లైట్ తొలి రౌండు నడుస్తుండగా కదలడం మొదలుపెట్టండి. ఓపెనర్ 125 అనుకుంటే: ఖాళీ బార్‌తో ఐదేసి రెండుసార్లు, 60తో 5, 80తో 3, 95తో 2, 107.5 ఒకటి, 115 ఒకటి. చివరిది మీ వంతుకు ఐదారు లిఫ్టుల ముందు పూర్తవ్వాలి. మరీ ముందే చేస్తే ఒళ్లు చల్లారిపోతుంది. ఆలస్యమైతే ఊపిరి కుదుటపడకుండానే పేరు పిలుస్తారు. బార్ సిద్ధమని ప్రకటించాక లిఫ్ట్ మొదలుపెట్టడానికి ఒక్క నిమిషమే ఉంటుంది.

ర్యాక్ ఒకటే అయితే దాదాపు సమానంగా ఎత్తేవాళ్లతో కలిసి వంతులవారీగా చేసుకోండి. వాళ్ల ప్లేట్లు మీరు మార్చండి, మీవి వాళ్లు మారుస్తారు. ఇక్కడ అహం పక్కన పెట్టకపోతే వార్మప్ దొరకదు.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. పోటీకి పంపమని గొడవ చేస్తోంది. ఈ వయసులో ఇంత బరువు ప్రమాదం కాదా?

అమ్మా, ఐపీఎఫ్‌లో 14 నుంచి 18 ఏళ్లవాళ్లకు సబ్ జూనియర్ విభాగమే ఉంది. మీ అమ్మాయి వయసువాళ్లు అందులో ఎంతోమంది ఎత్తుతున్నారు. వేదిక మీద బార్‌కు అటూ ఇటూ స్పాటర్లు ఉంటారు, స్క్వాట్, బెంచ్‌లలో బరువు చేజారబోతే పట్టుకుంటారు. ఆ మాటకొస్తే ఒంటరిగా, పట్టుకునేవాళ్లెవరూ లేకుండా జిమ్‌లో చేసే మాక్స్‌కే మీరు భయపడాలి. కోచ్‌ను రెండే ప్రశ్నలడగండి: ఆమె ఓపెనర్ ఎంత, ఎన్ని రెప్స్ తీయగలదు? రెండో ప్రశ్నకు మూడు అని జవాబొస్తే పంపండి. ఎదిగే పిల్లను బరువు తగ్గి కింది విభాగంలో దిగమంటే మాత్రం ఆ కోచ్‌ను మార్చండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. పోటీచేయొచ్చా? ప్రీ వర్కౌట్ పౌడర్ వాడొచ్చా?

బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట గట్టిపరుస్తాం. ఆ కొద్ది క్షణాలు రక్తపోటు బాగా ఎగబాకుతుంది. కాబట్టి ‘వ్యాయామం చేయొచ్చా’ అని కాదు, ‘ఊపిరి బిగబట్టి గరిష్ఠ బరువెత్తొచ్చా’ అని మీ డాక్టరును స్పష్టంగా అడగండి. ఆ రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు రావొచ్చు. ఆయన సరేనంటే 50 నుంచి 59 ఏళ్లవాళ్లకు మాస్టర్స్‌లో రెండో విభాగం ఉంది.

మాత్రల విషయం ఇంకోటుంది. కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంటుంది. అవి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, వాడా, నిషేధించిన జాబితాలో ఉన్నాయి. ఐపీఎఫ్ పోటీలకు ఆ జాబితా వర్తిస్తుంది. మాత్ర పేరు కాదు, దాని వెనక ముద్రించిన రసాయనాల పేర్లు జాబితాతో సరిచూడండి. మందు తప్పనిసరైతే వైద్య కారణాల మినహాయింపుకు ముందే దరఖాస్తు చేసుకోవాలి. అంతేగానీ పోటీకోసం బీపీ మాత్ర మానేయకండి.

పౌడర్ మాత్రం వద్దు. డబ్బా మీద రాయని ఉత్ప్రేరకాలు దొరికిన సందర్భాలున్నాయి. పరీక్షలో పట్టుబడితే ‘నాకు తెలియదు’ అన్న జవాబు చెల్లదు. పైగా బీపీ ఉన్నవాళ్లకు అంత కెఫీన్ ఎందుకు?

ప్రశ్న: నాకు కోచ్ లేడు, ఒక్కడినే వెళ్తున్నాను. ఏదైనా మర్చిపోతానేమోనని భయం.

ఒంటరిగా వెళ్లేవాళ్లు మరిచేది ర్యాక్ ఎత్తు. పోటీకి ముందే స్క్వాట్ ర్యాక్ ఎత్తు, బెంచ్ ర్యాక్ ఎత్తు, సేఫ్టీల (బార్ చేజారితే ఆపే కడ్డీల) ఎత్తు పోటీలో వాడే ర్యాక్ మీదే చూసుకుని అంకెలు రాయించాలి. బెంచ్‌లో కాళ్లు నేలకు అందకపోతే పాదాల కింద పెట్టే దిమ్మలు కూడా అప్పుడే అడగాలి. స్క్వాట్ ర్యాక్ ఎత్తును మామూలు చెప్పులతో కాదు, స్క్వాట్ బూట్లు వేసుకుని చూసుకోండి. మడమ ఎత్తు వల్ల ఒక మెట్టు తేడా వస్తుంది. రెండు మెట్ల మధ్య ఊగిసలాడితే కిందిదే ఎంచుకోండి. మునివేళ్ల మీద లేచి బార్ తీసుకోవడం కన్నా కొంచెం వంగి తీసుకోవడమే నయం.

తూకం ముగిశాక ఓపెనర్ తప్పనిపిస్తే ఒకసారి మార్చుకోవచ్చు. మొదటి ఫ్లైట్‌కు అయితే రౌండు మొదలవడానికి 3 నిమిషాల ముందు వరకు. వార్మప్‌లో 107.5 బండరాయిలా అనిపిస్తే మొహమాటపడకుండా బల్ల దగ్గరికి వెళ్లి తగ్గించండి.

సంచిలో ఉండాల్సినవి: గుర్తింపు కార్డు, అటెంప్టుల చీటీ, పెన్ను, రెండో జత సాక్సులు, ఒంటికి పడే అలవాటైన తిండి, ఉప్పు కలిపిన నీళ్లు. స్క్వాట్‌కూ డెడ్‌లిఫ్ట్‌కూ మధ్య రెండు మూడు గంటలు పోవచ్చు. ఒకేసారి కడుపునిండా కాకుండా, ప్రతి లిఫ్ట్ ముగిశాక నాలుగు ముద్దలు చొప్పున తినండి. బెంచ్ అవగానే సాక్సులు మార్చుకోండి. డెడ్‌లిఫ్ట్ వార్మప్‌కు పిలిచేసరికి నీ స్లీవ్స్ విప్పి ఉండాలి, చెమటకు తడిసిన స్లీవ్ ఒక్కోటి ఊడిరావడానికే రెండు నిమిషాలు పడుతుంది.